ఇరుక్కుపోయిన మౌత్‌పీస్

పెళ్ళి ఊరేగింపుల్లో ట్రంపెట్ ఊదినవాణ్ణి కాబట్టి నాకు పెళ్ళిళ్ళంటే సరదా అని అందరూ అనుకుంటారు. నాకు పెళ్ళంటే కాళ్ళ నొప్పులు, మూతి వాపు, నెత్తి మీద గ్యాసు లైటు వేడి. పెళ్ళికొడుకు ముఖం ఒక్కసారి కూడా సరిగా చూసి ఎరగను. అతను వెనక గుర్రం మీద ఉంటాడు, మేం ముందు నడుస్తాం. మాకు కనిపించేది రోడ్డు, ఆ రోడ్డు మీద మాకు ఎదురుగా నిలబడి చింతకాయ కొరికే ఆకతాయిలు. పులుపు చూస్తే నోట్లో నీళ్ళూరి ట్రంపెట్ గురగురలాడుతుందని ఈ ఊళ్ళో తెలియనివాడు లేడు.

మా బ్యాండు దుకాణం నారాయణగూడ చౌరస్తాకు కాస్త ఇవతల, ఒక సైకిల్ షాపుకీ ఇస్త్రీ బండికీ మధ్య ఉండేది. నేను చిక్కడపల్లిలో మా అమ్మానాన్నల దగ్గర ఉంటూ రోజూ నడిచి వెళ్ళేవాణ్ణి. లోపల గోడకు జరీ కుట్టిన ఎర్ర కోట్లు వరసగా వేలాడేవి. వాటిని ఉతికిస్తానని దుకాణం యజమాని సేటు ఏటా అనేవాడు, ఏటా అవి అలాగే చెమట వాసన కొట్టేవి. కోట్ల కింద వాయిద్యాల పెట్టెలు. పెట్టెను చూస్తే చాలు, మనిషి తెలిసిపోయేవాడు. మా క్లారినెట్ అన్న పెట్టెలో క్లారినెట్ కన్నా తమలపాకులు, సున్నం డబ్బా, పెళ్ళివారు పెట్టిన లడ్డూలు ఎక్కువ.

"అన్నా, నీ క్లారినెట్‌కు షుగర్ వస్తది చూడు" అనేవాణ్ణి.

"నీ ట్రంపెట్‌కేమో రక్తం తక్కువైందిరా. జర దానికి తినవెట్టు" అని ఒక లడ్డూ తీసి నా నోట్లో కుక్కేవాడు.

నా పెట్టెకు గొళ్ళెం ఊడిపోతే పైజామా నాడాతో కట్టుకునేవాణ్ణి. అందులో ఉన్నదాన్ని చూసి, బస్సు కింద పడ్డ చెంబని అందరూ నవ్వేవారు. నాకు కోపం వచ్చేది, కాని అది నిజంగానే అలా ఉండేది. నేను రెండో ట్రంపెట్‌ని. రెండో ట్రంపెట్ వాడికి సేటు అంతకన్నా మంచిది ఇవ్వడు.

మంచిది మాస్టరు గారి దగ్గర ఉండేది. మాస్టరు గారంటే మా మొదటి ట్రంపెట్. ఊరేగింపులో పాట ఎత్తుకునేది ఆయన, ఆపేది ఆయన. రాష్ట్రం ఏర్పడ్డాక కృష్ణా జిల్లా నుంచి భార్యతో వచ్చి అశోక్‌నగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆ ట్రంపెట్‌ను రోజూ ఇంటికి తీసుకెళ్ళే హక్కు కూడా ఆయనొక్కరికే ఉండేది. ఆయన పెట్టెకు లోపల నీలం మఖమల్, ఒక పక్క మడిచిన మెత్తని గుడ్డ, చిన్న నూనె సీసా. మేం పిస్టన్లకు ఇంట్లో కొబ్బరినూనె వేసి, చలికాలం అది గడ్డకట్టి, నొక్కిన పిస్టన్ పైకి రాక తిట్లు తినేవాళ్ళం. ఆయన కుట్టుమిషన్ నూనె వేసేవారు. "అది తలకు రాసుకునేదయ్యా, దీనికేమన్నా జడ వేస్తావా?" అనేవారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. వాయిద్యం సేటుది, పెదవులకు ఆనించి ఊదే మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్ళది. నోటికి పెట్టుకునేది కదా, ఎంగిలి. ఒకరి మౌత్‌పీస్ ఇంకొకరు నోటికి తగిలించరు, దాహానికి ఒకే గ్లాసులో తాగేవాళ్ళయినా సరే. అందుకే పని మానేసేవాడు సేటుతో పెద్దగా మాట్లాడడు. మౌత్‌పీస్ ఊడదీసి జేబులో వేసుకుని, ట్రంపెట్‌ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. ముషీరాబాద్ బ్యాండ్లలో కూడా అంతే. "ఫలానా అతను జేబులో వేసుకున్నాడట" అంటే ఇంకేమీ అడగనక్కర్లేదు.

ఇంకో సంగతి, పని నేర్చుకునే మొదటి రోజే చెప్పేది. మౌత్‌పీస్‌ను అరచేత్తో కొట్టకూడదు. కొడితే టప్‌మని సరదాగా మోగుతుంది, కాని ఇరుక్కుపోతుంది. ఆ తర్వాత వేడినీళ్ళు పోసినా, చెక్కతో తట్టినా ఒక పట్టాన రాదు. నేను చేరిన కొత్తలో ఒకసారి కొట్టబోతే మాస్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "కొత్తల్లుణ్ణి పీట మీద కూచోబెట్టినట్టు కూచోబెట్టి, కాస్త తిప్పు. అంతే. అల్లుణ్ణి నెత్తిన మొత్తుతావా ఎక్కడైనా?" అన్నారు. ఆయన మౌత్‌పీస్ ఎప్పుడూ రెండు వేళ్ళతో తిప్పితే వచ్చేసేది.

అరవై తొమ్మిదిలో ఊరు అట్టుడికింది. ప్రత్యేక రాష్ట్రం కోసం జనం రోడ్డెక్కారు. వాళ్ళ ఊరేగింపులు మొదలయ్యాక మా ఊరేగింపులు ఆగిపోయాయి. కర్ఫ్యూ పెట్టిన ఊళ్ళో గుర్రం మీద పెళ్ళికొడుకేమిటి? పెళ్ళిళ్ళు పగటిపూట, ఇంటి లోపల, సన్నాయితో కానిచ్చేవారు. మేం దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూచునేవాళ్ళం.

"రోడ్డు మీద జనం మస్తుగున్నరు. పెళ్ళికొడుకే తక్కువైండు" అని క్లారినెట్ అన్న నవ్వించబోయేవాడు. ఎవరికీ నవ్వు వచ్చేది కాదు.

మాస్టరు గారు ఆ నెలల్లో అసలు దుకాణానికే రాలేదు. వాళ్ళావిడ గడప దాటనిచ్చేది కాదు. వాళ్ళ వీధిలో ఎవరూ వాళ్ళను పల్లెత్తు మాట అనలేదు, నిజానికి పక్కింటివాళ్ళే కూరగాయలు తెచ్చి పెట్టేవారు. అయినా భయం భయమే. కోస్తావాడి ఇంట్లోంచి ట్రంపెట్ వినబడితే ఎవరికి ఎలా తోస్తుందోనని పెట్టె మూసి మంచం కింద పెట్టేశారు. ట్రంపెట్ వాడి పెదవి పహిల్వాను కండ లాంటిది, వదిలేస్తే మెత్తబడిపోతుంది. మేం దుకాణంలో ఏదో గురగుర ఊదుకుంటూనే ఉన్నాం. ఆయనకు అదీ లేదు.

గొడవలు చల్లారి మళ్ళీ ముహూర్తాలు వచ్చాక మా మొదటి పెళ్ళి కవాడిగూడలో. పెదవిలో బలం లేనివాడు ఏం చేస్తాడు? ట్రంపెట్‌ను మూతికేసి అదుముతాడు. మాస్టరు గారు అదే చేశారు. ఆయన పక్కనే నడుస్తున్నాను కాబట్టి చూశాను. పాటకూ పాటకూ మధ్య రుమాలుతో మూతి తుడుచుకున్నారు. రుమాలు ఎర్రగా ఉంది. నేను చూడటం చూసి, "కిళ్ళీ వేశాన్లే" అన్నారు. ఆయన కిళ్ళీ వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

చిగుళ్ళు ఎప్పట్నుంచో పాడయ్యాయట. కొన్నాళ్ళకు పళ్ళ డాక్టరు పై వరసలో ముందు పళ్ళన్నీ తీసేశాడు. చిగుళ్ళు గట్టిపడ్డాక కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. కట్టుడు పళ్ళతో మురుకులు తినవచ్చు, ఫొటో దిగవచ్చు. వాటికేసి అదిమి ట్రంపెట్ ఊదడం మాత్రం కుదరదు, కదిలిపోతాయి. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఆయనకు అందరికన్నా బాగా తెలుసు.

సేటు కొంతకాలం ఊరుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అరే, మాస్టర్ ఇంటికి పోయి బాజా తీసుకరా. ఇగ మొదటి ట్రంపెట్ నువ్వే. సీజన్ వస్తున్నది, ఎన్నిరోజులని పరేషాన్ అయితం?"

నాకు ఆశ లేదంటే అబద్ధం. ఆ ట్రంపెట్‌ను కలలో కూడా ఊదినవాణ్ణి. కాని ఆ పని నా మీద పెట్టినందుకు సేటును మనసులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకుంటూ అశోక్‌నగర్ దాకా నడిచాను. చావు కబురు చల్లగా చెప్పడం నాకు చేతకాదు.

మాస్టరు గారు కుర్చీ వేశారు. నా మాట పూర్తి కాకముందే పెట్టె తెరిచి చూపించారు.

"తీసుకెళ్ళమనే చెబుదునయ్యా. కానీ మౌత్‌పీస్ ఇరుక్కుపోయింది. నా ఎంగిలిది నీకెలా ఇస్తాను? అది వచ్చాక నేనే కబురు చేస్తాను."

ఇంకొకరు చెబితే నమ్మేవాణ్ణి. ఆయన మౌత్‌పీస్ ఇరుక్కోవడమా? కాని ఆయన ముఖంలోకి చూసి నోరు మూసుకున్నాను. కట్టుడు పళ్ళ మీద పెదవి ఎవరిదో పెదవి లాగా ఉంది.

గుమ్మం దాకా వచ్చి ఆవిడ గొంతు తగ్గించింది. "పొద్దున్నే లేచి ఊదుతున్నారు బాబూ. వంటింట్లోకి గాలి వినిపిస్తుంది, ఉత్త గాలి. కొన్నాళ్ళు పోతే శబ్దం కూడా వస్తుందంటున్నారు. వస్తుంది కదూ?"

"వస్తదమ్మా" అన్నాను. ఇంకేమనను?

సేటుకు ఇరుక్కుపోయిందని చెప్పాను. సేటు నమ్మి, వేడినీళ్ళు పోయమన్నాడు. క్లారినెట్ అన్న నమ్మలేదు, కాని సేటు ముందు నాకు సాక్ష్యం చెప్పాడు: "గట్లనే అయితది సేటూ, ఊదకుంట పెడితే పట్టుకపోతది." బయటికి వచ్చాక నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ నిజంగానే గిన్నెలో వేడినీళ్ళు తెచ్చింది. మాస్టరు గారు మౌత్‌పీస్ దగ్గర నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి తిప్పబోయారు. ముఖం బిగించారు, పళ్ళు బిగించారు. వేళ్ళు మాత్రం బిగించలేదు. గుడ్డ మీద ఆయన వేళ్ళు పూలు పట్టుకున్నంత మెత్తగా ఉన్నాయి. "చూశావా, రావట్లేదు" అన్నారు. "అవును సార్, మస్తు టైటుంది" అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ వేడినీళ్ళు అంత జాగ్రత్తగా పట్టుకుని నిలబడ్డ ఆవిణ్ణి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మూడోసారి వెళ్ళకూడదనే అనుకున్నాను. సేటు ఊరుకోలేదు. గాంధీనగర్‌లో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడు. "ఇయ్యాల రాకుంటే నేనే పట్కారు పట్టుకొని పోత. ఇరిగితే ఇరగనియ్" అన్నాడు. సేటు వెళితే వీధంతా వింటుంది. అడకత్తెరలో పోకచెక్కలాగా ఉంది నా పని. సాయంత్రం వెలుగుండగానే వెళ్ళాను.

ఆవిడ వంటింట్లో ఉంది, ఏదో దంచుతున్న చప్పుడు వస్తోంది. మాస్టరు గారు మంచం మీద కూచుని ఉన్నారు. ట్రంపెట్ ఒళ్ళోనే ఉంది. అప్పటిదాకా ప్రయత్నిస్తున్నట్టున్నారు, పెదవి చుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు పడింది.

"సేటు పట్కారు తెస్తనంటున్నడు సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "వాడు పట్కారు పట్టుకుంటే మౌత్‌పీస్ కాదయ్యా, గొట్టమే ఊడొస్తుంది. వాడి తండ్రి కూడా అంతే, డోలుకు మేకు కొట్టిన మనిషి."

నేనూ నవ్వాను. వంటింట్లో రోలు చప్పుడు వింటూ కూచున్నాం.

ఆయన ట్రంపెట్‌ను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో మౌత్‌పీస్‌ను తిప్పారు. వచ్చేసింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నారు.

నేను తల వంచుకున్నాను. ఆ క్షణాన నాకు ఆ ట్రంపెట్ మీద ఆశ చచ్చిపోయింది. సేటుకిచ్చి, నా చెంబే నేను ఊదుకుంటానని చెప్పేద్దామనుకున్నాను. ఆయన మాత్రం మామూలుగా మల్లుగుడ్డతో దాన్ని తుడిచారు, పిస్టన్లకు నూనె వేశారు, ఒక్కొక్కటీ నొక్కి చూశారు.

"పట్టు. నీ మౌత్‌పీస్ పెట్టి ఇక్కడే ఒకసారి ఊది చూసుకో. అక్కడికి వెళ్ళాక మాస్టరు పాడుచేసి ఇచ్చాడని సేటు ముందు అంటే నేనూరుకోను."

"ఇక్కడ వద్దు సార్. దుకాణంల చూసుకుంట."

"ఊదమంటున్నానా?"

జేబులోంచి నా మౌత్‌పీస్ తీశాను. కూచోబెట్టి, తిప్పాను. పెదవులు తడిచేసుకుని ఒక్క స్వరం ఊదాను, మెల్లగా. అది నేననుకున్నంత మెల్లగా రాలేదు. ఇన్నాళ్ళూ ఆ చెంబులోకి తోసిన ఊపిరంతా దీనిలో నేరుగా, నిండుగా, గది గోడలకు తగిలేంతగా వచ్చింది.

వంటింట్లో రోలు చప్పుడు ఆగింది. పచ్చడి అంటిన చేతులతో ఆవిడ పరుగున వచ్చింది. తలుపు దగ్గరికి రాకముందే, "వచ్చిందా అండీ? శబ్దం వచ్చిందా?" అంటోంది. గుమ్మంలో ఆగి ఆయన్ని చూసింది, తర్వాత నా చేతుల్లోకి చూసింది.

"కాదే" అన్నారు మాస్టరు గారు. "నేను కాదు."