అమ్మ కాచిన ద్రాక్షరసం

నిన్న ఏలూరు కిరాణా కొట్లో ఎండుద్రాక్ష వాసన తగిలి ఆగిపోయాను. చర్చిలో నెలనెలా రొట్టె, రసం పంచే ప్రభువు బల్ల కోసం మీ ఇళ్లలోనూ ఎండుద్రాక్ష మరిగించి రసం తీసేవారు కదండీ? కొల్లేటి ఒడ్డున మా ఊరి గుడికి అమ్మే తీసేది.

ఒక ఆదివారం పొద్దున్నే నేను సగం తాగేసి, సీసాలో నీళ్లు పోశాను.

గుళ్లో పాస్టరు అయ్యగారు రసం చూసి, "ఇదేంటమ్మా, ఇంత పల్చగా ఉంది?" అన్నారు.

"తప్పు నాదేనండీ," అంది అమ్మ, నా గౌను మీది మరకను కొంగుతో కప్పుతూ.

ఆ నెల ఆమెకు బల్ల ఇవ్వలేదు. కొత్తగా బాప్తిస్మం పొందిన నేను మాత్రం తీసుకున్నాను.

క్రీస్తు మన పాపం మోశాడని ఎవరు చెప్పినా, వెనక బెంచీలో తల వంచుకున్న అమ్మే కనబడుతుంది. ఆ గుళ్లో నేనింకా నిజం చెప్పలేదు. నెలనెలా గిన్నె మాత్రం అందుకుంటూనే ఉన్నాను.