తోడికోడలికి వచ్చిన కాల్స్

నిన్న కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంటు మార్చుకుందామని కూర్చున్నాను. మనిషి ఎత్తలేదు, యంత్రం ఎత్తింది. కాసేపు ఆగమని ఇంగ్లీషులో చెప్పి పాట పెట్టింది. ఆ పాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టేసి మళ్ళీ చేశాను, మళ్ళీ పాట, మళ్ళీ పెట్టేశాను. సోఫాలో పడుకున్న మనవరాలు తల కూడా తిప్పకుండా, తన సింగపూరు యాసలో, "అమ్మమ్మా, డోంట్ కట్ లా! కట్ చేస్తే మళ్ళీ లాస్ట్‌కి వెళ్ళిపోతావ్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంచుమించు ఇదే మాట ఎన్నో ఏళ్ళ కిందట నా తోడికోడలు నాతో అంది.

అవి కంప్యూటరు నేర్చిన ప్రతివాడూ విమానమెక్కుతున్న రోజులు. మావారూ, మా మరిదీ అలాగే సింగపూరు వచ్చారు, వాళ్ళ వెనకే మేమిద్దరం వచ్చాం, అందరిదీ ఒకే ఫ్లాటు, ఒకే వంటిల్లు. పాయా లేబర్ అనే పేటలో ఫోన్ కార్డులమ్మే ఒక కంపెనీ కాల్ సెంటర్‌లో ముందు ఉద్యోగం వచ్చింది నాకు. తెలుగువాళ్ళ కోసం వేరే లైను పెడుతున్నారంటే మా తోడికోడల్ని వెంటబెట్టుకెళ్ళి నా పక్క సీట్లో కూర్చోబెట్టింది కూడా నేనే. ఆ పని ఎందుకు చేశానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో దేవుడికే తెలుసు.

తువాస్ ఓడల యార్డుల్లో పనిచేసే మన కుర్రాళ్ళు సెలవు దొరికిన రోజున ఆ కార్డులతో ఇంటికి మాట్లాడుకునేవారు, లైను కలవకపోతే మాకు చేసేవారు. ఆ కాల్ ఎవరికి ఇవ్వాలో యంత్రమే తేల్చేది: మా ఇద్దరిలో ఎవరు ఎక్కువసేపటి నుంచి ఖాళీగా ఉంటే వాళ్ళకి. ఎవరు ఎత్తారు, ఎంతసేపు మాట్లాడారు, ఎవరు మధ్యలో ఫోన్ ఆపుకున్నారు, ఇవన్నీ మా సూపర్‌వైజరుకు చాడీలు చెప్పినట్టు అదే చెప్పేసేది. తెలుగు లైనుకు ఒక లీడర్ని వేస్తారని అప్పటికే ఆఫీసులో అనుకుంటున్నారు. ఇంటికి పెద్దకోడల్ని, ఉద్యోగంలో ముందొచ్చినదాన్ని, ఆ పదవి నాది కాక ఇంకెవరిదని ధీమాగా ఉన్నాను.

కానీ కాల్స్ దాదాపు అన్నీ ఆవిడకే. ఆవిడ ఫోన్ మీద దీపం వెలుగుతూనే ఉండేది, నాది గుడ్డిదానిలా పడుండేది. "చెప్పు తమ్ముడూ" అని ఆవిడ ముద్దుగా అంటుంటే నా కడుపు రగిలిపోయేది. మేం ఖాళీ అయ్యామని యంత్రానికి చెప్పడానికి ఫోన్ మీద రెడీ అనే బటన్ ఉండేది. నేనొకదాన్ని ఇక్కడ ఉన్నానని దానికి గుర్తుచేద్దామని, లిఫ్టు రాకపోతే మనం మీట పదేపదే నొక్కమూ, అలా ఆ బటన్ ఆపడం, మళ్ళీ నొక్కడం, ఇదే పనిగా కూర్చునేదాన్ని. ఒకరోజు ఆవిడ నా వైపు వంగి, "అక్కా, అలా ఊరికూరికే నొక్కకండి, లైన్లో వెనక్కెళ్ళిపోతారు" అంది. నాకు కాల్స్ రానివ్వకూడదని ఎంత తెలివిగా చెబుతోందో చూడు అనుకుని, ఆ రోజునుంచి ఇంకా గట్టిగా నొక్కాను.

లీడరు పదవి ఆవిడకే ఇచ్చారు. నా ఫోన్ పాడైందని నేను గొడవ చేస్తే ఇంజనీరు వచ్చి చూసి, ఫోన్ బాగానే ఉందని, నొక్కిన ప్రతిసారీ నేను అప్పుడే ఖాళీ అయినట్టు యంత్రం మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతోందని, పైగా సూపర్‌వైజరు కంటికి నేను పని తప్పించుకుంటున్నట్టు కనిపించానని చెప్పాడు. దాంతో నా అసూయ తగ్గిందనుకుంటున్నారేమో, రెండింతలైంది. కాల్స్ ఆవిడవే, పదవి ఆవిడదే, చివరికి న్యాయం కూడా ఆవిడ పక్షానే! ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఎప్పటిలాగే నా కంచంలో ముందు వడ్డించింది. అది కూడా నాకు గిట్టలేదు.

నిన్న మాత్రం మనవరాలి మాట విని, పెట్టెయ్యకుండా పాటంతా విన్నాను, పని అయింది. ఈ సంగతి తోడికోడలికి చెప్పి నవ్వుకుందామని ఫోన్ చేస్తే, ఆవిడ వేరే కాల్‌లో ఉందట. కాసేపాగి చేశాను, అప్పుడూ బిజీయే. ఎవరితోనమ్మా అంతసేపు కబుర్లు అని ఈ వయసులోనూ నా మనసు చివుక్కుమంది. ఇప్పుడా ఆఫీసులు లేవు, ఫోన్ కార్డులు లేవు, మా పని మాట్లాడే యంత్రాలే చేస్తున్నాయి, వాటికి పక్క సీటు మీద కన్ను వేసే పనే లేదు. ఆ రోజుల్లో ఆవిడ లైను బిజీగా ఉంటే తర్వాతి కాలైనా నా దగ్గరికి వచ్చేది. ఇప్పుడు ఆవిడ ఎంతసేపు బిజీగా ఉన్నా, నా ఫోన్ మోగదు.