పై పట్టీ పచ్చరంగు

పొద్దున మా గేటుకి పచ్చ పెయింటు వేయిస్తున్నాను. ఆ వాసన తగలగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా అరచెయ్యి చూసుకున్నాను.

కువైట్లో పెరిగిన నా ఈడు వాళ్ళూ, మీకు గుర్తుందా? ఇరాక్ సైన్యం దిగిన ఆ ఎండాకాలం, గోడల మీద కువైట్ జెండాలు వెలిసేవి. సైనికులు చెరిపేస్తే, పక్క గోడ మీద ఇంకొకటి.

మా అమ్మ వంటచేసే ఇంటి యజమానురాలిని మేమంతా అక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అనే పిలిచేవాళ్ళం. ఆవిడ కొడుకు ఖాలిద్, పాలపొడి డబ్బాల్లో రంగులు కలిపి, వీధి గోడ మీద జెండా వేశాడు. పచ్చ పట్టీ అన్నిటికన్నా పైన ఉండాలి. "యల్లా, రా, అది నీ వంతు" అంటూ ఏడేళ్ళ నన్ను భుజాలకెక్కించుకున్నాడు. అతను వాళ్ళ బడిపాట కూనిరాగం తీస్తుంటే, నేను అరచేత్తోనే రంగు పూశాను.

పాట సగంలో ఉండగా జీపు వచ్చింది. ఇంట్లో అందరినీ బయట నిలబెట్టి చేతులు చాపమన్నారు. అమ్మ నా చెయ్యి కొంగులో చుట్టేసింది.

"బయటికి తీయగాకు మే. నోరు ఇప్పగాకు."

ఖాలిద్ ఎర్రరంగు అంటిన చేతులు చాపి, "నేనొక్కణ్ణే వేశాను" అన్నాడు.

తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.

జీపు మలుపు తిరిగాక మామా వచ్చి ఆ కొంగు విప్పింది. కొడుతుందనుకున్నాను. గుడ్డ పెట్రోల్లో ముంచి, నా వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. తుడిచినంతసేపూ, ఖాలిద్ సగంలో ఆపేసిన పాట పాడుతూనే ఉంది.