పగిలిన డయళ్ల లెక్క

మీరెప్పుడైనా వాదనలో గెలిచి, ఎదుటి మనిషి కడుపు కొట్టారా? నేను కొట్టాను, అదీ ఆయన భార్య చేసిన పులిహోర తింటూ. ఆ రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్లు, అమెరికాలో నోవై అనే ఊళ్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హేతువుకు నిలవని మాట చెవిన పడితే ఊరుకునేవాణ్ణి కాదు. వ్రతానికి పిలిచినవాళ్లతో ప్రసాదం పుచ్చుకుని మరీ వాదించేవాణ్ణి (అందులోని జీడిపప్పు మీద నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరం ఉండేది కాదు). స్నేహితులు నాకు 'ప్రూఫ్ బాబు' అని పేరు పెట్టారు.

మాకు రెండు వీధుల అవతల గడియారాల అంకుల్ ఉండేవారు. కార్ల కంపెనీలో ఉద్యోగం పోయాక, ఇంటి బేస్‌మెంట్‌లో చేత్తో రిస్ట్‌వాచీలు చేయడం మొదలుపెట్టారు. లోపలి యంత్రం బయట కొనేవారు. కేసు, ముళ్లు, గాజుపొడి పూసి కాల్చే ఎనామెల్ డయలు మాత్రం ఆయన చేతివే. ఆంటీ జీతంతో ఇల్లు నడిచేది. ఏడాదిలోగా వాచీలు అమ్ముడుపోకపోతే పనిముట్లు అమ్మేసి, వేరే రాష్ట్రానికైనా ఉద్యోగానికి వెళ్లాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఎనిమిది నెలలు గడిచినా ఒక్కటీ పోలేదు. ఎవరైనా ధర అడిగితే అంకుల్ మాట దాటేసేవారు మరి.

"మూడు వేల పైన అనుకుంటున్నా బాబూ. అలా తోచింది," అన్నారు నాతో ఒకసారి.

"తోచడమేంటి అంకుల్? తోచిందని నేను దేవుణ్ణే నమ్మను. ప్రూఫ్ కావాలి. ఏ పనికి ఎన్ని గంటలో టైమ్‌షీట్ రాద్దాం పట్టండి."

రాశాం. ఒక్కో డయలుకు ఇరవై గంటలు, మిగతా వాచీకి ఇంకో ఇరవై. కానీ కొలిమిలో కాల్చినప్పుడు నాలుగు డయళ్లలో మూడు పగిలిపోయేవి. ఆ మూడింటి అరవై గంటలు చూడగానే నా న్యాయబుద్ధి భగ్గుమంది. "మీ పొరపాటుకి కొనేవాడెందుకు కట్టాలి? ఇది దోపిడీ అంకుల్!" అంటూ అడ్డంగా కొట్టేశాను. గంటకు ముప్పై డాలర్ల చొప్పున నలభై గంటలు, సామాన్లకు నాలుగు వందలు, వెరసి పదహారు వందలు. అంకుల్ పగిలిన డయలొకటి తీసి నా ముందు పెట్టబోయి, మళ్లీ డబ్బాలో వేసేశారు. దాన్ని నేను అంగీకారంగా నమోదు చేసుకున్నాను.

ఆ ఆదివారం వాళ్లింట్లో పాట్‌లక్, తలో వంటకం తెచ్చుకునే విందు. ధర నేనే ప్రకటించాను. ఐదుగురు అక్కడికక్కడే బుక్ చేశారు. "మస్తు రేటు చెప్పినవ్ రా, నాకొకటి రాయి!" అని మా వరంగల్ మిత్రుడు వీపు చరిచాడు. ఆ ఊపులో రెండోసారి పులిహోర పెట్టుకుంటుంటే ఆంటీ పక్కకు వచ్చారు.

"ఐదు వాచీలంటే పదిహేను డయల్స్ పగులుతాయి బాబూ. మూడొందల గంటలు అంకుల్ ఊరికే చెయ్యాలా?"

"పగలకుండా చేస్తే సరి కదా ఆంటీ."

"నువ్వు బగ్ లేకుండా కోడ్ రాస్తావా?"

"అదెలా కుదురుతుందండీ? టెస్ట్ చేస్తాం, ఫిక్స్ చేస్తాం."

"మరి ఫిక్స్ చేసిన గంటలకి జీతం వద్దంటావా?"

రెండోసారి పెట్టుకున్న పులిహోర పళ్లెం పక్కన పెట్టేశాను. (ఆ వారం నా టైమ్‌షీట్‌లో ముప్పై గంటలు, నేను పెట్టిన బగ్గును నేనే వెతుక్కున్నవి.)

మర్నాటి నుంచి మంచులో డ్రైవ్ చేసుకుంటూ ఐదుగురి ఇళ్లకూ వెళ్లాను. "లెక్క నాది, తప్పూ నాదే. అసలు ధర మూడు వేల నాలుగు వందలు," అని గుమ్మంలోనే చెప్పాను. ముగ్గురు క్యాన్సిల్ చేశారు. అందులో ఒకాయన, "మనోళ్లే మనోళ్లకి టోపీ పెడితే ఎలాగయ్యా?" అని తలుపేశారు. వరంగల్ మిత్రుడు మాత్రం పగలబడి నవ్వి, "నువ్వు తప్పైందంటుంటే ఇనేటందుకన్నా ఇయ్యాలె పైసలు!" అంటూ చెక్కు రాశాడు. ఒక డాక్టరమ్మ మారుమాట లేకుండా చెక్కు రాసిచ్చారు. ఆ రెండు చెక్కులూ చూసి ఆంటీ గడువును ఇంకో ఏడాది పొడిగించారు. తర్వాత ఎవరో వాచీ చూసి ధర అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అంకుల్ తలెత్తి, తడబడకుండా, పూర్తి ధర చెప్పారు. నేను నోరు మెదపలేదు. నా జీవితంలో అంత గొప్ప ఉపన్యాసం మళ్లీ ఇవ్వలేదు.

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. వాదించడం మానలేదు గాని, సగం లెక్కతో న్యాయం తేల్చేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే కోపం బదులు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. మీరు నవ్వి ఊరుకోవద్దు. చేత్తో పనిచేసే మనిషి దగ్గర చివరిసారి మీరు బేరమాడి ఎంత తగ్గించారో గుర్తు తెచ్చుకోండి. ఇవాళే వెళ్లి ఆ మిగతాది చేతిలో పెట్టి రండి.