ఖాజాబీ ఖాలా తిట్ల పాటలు

మొన్న మా అపార్ట్‌మెంటులో పెళ్లివారింట ఎవరో డోలక్ వాయిస్తున్నారు. చర్మం మీద అరచేతి దెబ్బ, ఆ వెంటనే చెక్కకు ఉంగరం తగిలి టక్కుమన్న చప్పుడు. కూరల సంచితో మెట్ల మీదే నిలబడిపోయాను. ఉంగరంతో అలా తాళం వేసే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆమె గోదావరిఖనిలో గాజులమ్మే ఖాజాబీ ఖాలా. సంగీతంతో మనసుకు వైద్యం చేయడం నేను కాలేజీలో చదువుకున్నాను. ఎలా చేయాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, కాకినాడ నుంచి కొత్తగా వచ్చాను. ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను గని కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న కమ్యూనిటీ హాలుకు పంపింది. భర్తలు పోయినవాళ్లు, నిద్రపట్టనివాళ్లు, ఇంట్లో నోరు విప్పలేనివాళ్లు, అంతా కలిపి ఇరవై మంది ఆడవాళ్లు. వారానికి రెండు మధ్యాహ్నాలు వాళ్లతో పాడించడం నా పని. మొదటి రోజు అందరినీ కళ్లు మూసుకోమని, కీబోర్డు మీద ఒకే స్వరం పట్టుకుని, "గాఢంగా ఊపిరి తీసుకోండమ్మా" అన్నాను. నిద్ర పట్టడం లేదని పేరు రాయించుకున్నామె అందరికంటే ముందు గోడకు ఒరిగిపోయింది. నా విద్య పనిచేసిందని మురిసిపోయాను.

అంతలో గాజుల బుట్టతో ఒక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది. లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, "ఎవరు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది.

"ఎవరూ పోలేదండి. సంగీత వైద్యం జరుగుతోంది."

"యా అల్లా! గిట్లుంటదా? దవాఖానల గూడ ఇంతకన్న లొల్లి ఉంటది."

గాజులు ఎవరూ కొనరని తేలాక వెళ్లిపోతుందనుకున్నాను. బుట్ట గోడవారగా పెట్టి చతికిలబడింది. ఆ తర్వాత ఒక్క రోజూ మానలేదు. "ఖాజాబీ గారూ" అంటే, "గారు గీరు ఏంది, నేనేమన్న ఆఫీసర్‌నా? ఖాలా అను, చిన్నమ్మ అన్నట్టే" అని కసిరింది.

అసలు చిక్కు పాట దగ్గర వచ్చింది. వాళ్లలో పోశవ్వ అనే ఆమె భజన మొదలుపెడితే, క్రైస్తవురాలైన రాహేలమ్మ కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది. రాహేలమ్మ చర్చి పాట ఎత్తుకుంటే మిగతావాళ్లకు ఒక్కసారిగా దాహం వేసింది. ఎవరినీ నొప్పించకూడదని నేను మాటలన్నీ తీసేసి ఉత్త "ఆ... ఊ..." అని పాడించాను. రెండు వారాలు ఓపిక పట్టిన ఖాలా, "అందరికి ఒక్కసారే పండ్ల నొప్పి లేసినట్టున్నది" అంది.

రాహేలమ్మ తన వెంట కోడలు మార్తను తెచ్చేది. మార్త భర్త గుండెపోటుతో పోయి అయిదు నెలలు. అప్పటి నుంచి ఆ పిల్ల నోట మాట లేదు. పిలిస్తే చూసేది, పెడితే తినేది. ఉన్న ఒక్క కొడుకునూ పోగొట్టుకున్న రాహేలమ్మే ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, హాల్లోనే కూర్చోబెట్టి జడ వేసేది. నేను ఎన్ని రాగాలు వాయించినా మార్త నా తల మీదుగా కిటికీలోకి చూస్తూ కూర్చునేది.

ఒకరోజు ఖాలా డోలక్ మోసుకొచ్చింది. "దేవుండ్లను జర పక్కకు పెడ్దాం. అత్త లేని మతం ఏదన్న ఉన్నదా? పెండ్లిల్ల తిట్ల పాటలు మాకున్నయి, మీకున్నయి. కానియ్యి పోశవ్వా!"

పోశవ్వకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

"మా అత్త నడిచొస్తే మంచినీళ్ల ట్యాంకరు,
దారియ్యకపోతేను హారన్ కొడ్తది!"

హాలు దద్దరిల్లింది. ఒకరి తర్వాత ఒకరు అత్తలను, ఆడబిడ్డలను ఉతికి ఆరేశారు. ఎవరూ అందుకోక డోలక్ తాళం ఒక చుట్టు ఖాళీగా తిరిగినప్పుడు, మూలనుంచి బొంగురు గొంతు ఒకటి వినిపించింది.

"మా అత్త గురక పెడితే సైరన్ మోగినట్టు,
పక్కింటాయన లేచి డ్యూటీకి పాయె!"

మార్త! ఎవరూ నవ్వలేదు. అందరి కళ్లూ రాహేలమ్మ మీదే. కొడుకు పోయిన తల్లిని పదిమందిలో అంత మాటంటే ఏమవుతుందోనని భయపడ్డాను. రాహేలమ్మ మెల్లగా లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"మా కోడలు చాయ్ పెడితే గోదారి నీళ్లు,
శక్కరెక్కడున్నదో పోలీసులు దేవులాడాలె!"

మార్త పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపులో పడింది. రాహేలమ్మ ఆమె తలను ఒడిలోకి లాక్కుని తానూ ఏడ్చింది. నేను వెంటనే లేచి, "ఇప్పుడు మనమంతా..." అని ఏదో చెప్పబోయాను.

"నువ్వు జర ఊకో మేడం," అంది ఖాలా, డోలక్ ఆపకుండా, దెబ్బ మాత్రం మెత్తగా వేస్తూ.

అందరూ వెళ్లాక, మార్త మాట్లాడుతుందని ఎలా తెలిసిందని అడిగాను. "నాకేం తెల్సు? గా పొల్లకు అత్త మీద మస్తు కోపమున్నది. రోజు జడ గుంజి గుంజి ఏస్తాంటే మొఖం ఎట్ల పెడ్తాందో చూడలేదా? నువ్వు దుఃఖమే చూస్తివి. కోపం ఎవరన్న అడిగిన్రా?" అంది. నేను అడగలేదు. నా పుస్తకాల్లోనూ ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

ఖాలా ఇప్పుడు లేదు. మా నాన్న పోయినప్పుడు అమ్మ తొమ్మిది రోజులు పెదవి విప్పలేదు. వచ్చినవాళ్లంతా ఆయన మంచితనమే చెబుతున్నారు. పదో రోజు అమ్మ పక్కన కూర్చుని, "నాన్న ఒక్కసారైనా తడి తువ్వాలు మంచం మీద పడేయకుండా ఉన్నారా అమ్మా?" అన్నాను. అమ్మ నావైపు తిరిగింది. "ఒక్కసారా? నలభై ఏళ్లే!" అని మొదలుపెట్టి, బంధువులు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా అరగంట తిట్టింది. తిట్టి తిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ముఖం తుడుచుకుని, "ఆకలేస్తోందే, ఇంత అన్నం పెట్టు" అంది.