గడియ లోపలికి మారిన వ్యాన్: మల్కాజ్‌గిరి నుంచి పోచారం చెరువు దాకా

మా నాన్న పదహారేళ్లుగా సికింద్రాబాద్ హోల్‌సేల్ దుకాణాల నుంచి సబ్బులు, బిస్కెట్లు మోసిన వ్యాన్‌ని ఈమధ్య అమ్మకానికి పెట్టాడు. మోకాలి నొప్పితో రోజూ నడపలేకపోతున్నాడు. కొనే మనిషి సోమవారం వస్తానన్నాడు. ఆ వ్యాన్ సంపాదనతోనే మా ఇంట్లో మొదటిసారి ఒకరు కాలేజీ దాకా చదివారు, అది నేను. అందుకే దాన్ని చిన్న ఇల్లులా మార్చి ఒక్కసారి ముగ్గురం ఎటైనా వెళ్దామని పట్టుబట్టాను. నాన్న ఒక షరతు పెట్టాడు. "మీ అమ్మకు నచ్చితే ఉంచుకుందాం. లేకుంటే సోమారం ఇచ్చేస్త." అమ్మ ఆ వ్యాన్ వెనక భాగంలోకి అప్పటిదాకా ఒక్కసారి కూడా ఎక్కలేదు.

సీతాఫల్‌మండిలో వడ్రంగి పని చేసే యూసుఫ్ చాచా దగ్గరికి నేను గ్రాఫ్ కాగితం మీద గీసిన ప్లాన్ పట్టుకెళ్లాను. ఆయన దాన్ని శ్రద్ధగా చూసి, వ్యాన్ ఎక్కి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. "కాగితం మంచిగుంది బేటీ. మనిషి సుత పట్టాలె గదా!" అన్నాడు. నాన్న బయటి నుంచి "పొడుగుల సబ్బుల డబ్బాలు ఆరు పడ్తయి" అంటే, టేపు తీయకుండానే చాచా దాన్ని అంగుళాల్లో చెప్పాడు. టేపుతో కొలిస్తే అరంగుళమే తేడా వచ్చింది. నా ప్లాన్‌లో మాత్రం చక్రాల మీది ఉబ్బులే లేవు. బాడీని కోస్తే ఆర్టీవో అనుమతి కావాలని చాచా దాని జోలికి పోలేదు. లోపల ప్లైవుడ్ గోడలు, విప్పితే మంచమయ్యే బల్ల, దాని కింద స్టవ్వూ నీళ్ల క్యానూ పెట్టే అర, అంతే. గాలికి పైన పాత జాలీ ఎలాగూ ఉంది. పని అయిదు రోజుల్లో అయింది. పరుపుతో కలిపి ఇరవై ఎనిమిది వేలు ఖర్చు వచ్చింది.

చివరి రోజు చాచాకూ నాన్నకూ వెనక తలుపు గడియ దగ్గర వాదన వచ్చింది.

"గడియ బయట ఉంటే గోదాం, లోపల ఉంటే ఇల్లు. తీసి లోపలేస్త" అన్నాడు చాచా.

"ఏం వద్దు భాయ్. పదహారేండ్ల సంది ఒక్క డబ్బా పోలే ఆ గడియతోని."

చాచా గడియను ముట్టుకోలేదు. లోపలి వైపు నాలుగు రంధ్రాలు మాత్రం వేసి ఉంచాడు.

శనివారం ఉదయం ఆరింటికి ముగ్గురం ముందు సీట్లలో కూర్చుని మల్కాజ్‌గిరి నుంచి బయలుదేరాం. మేడ్చల్, తూప్రాన్ మీదుగా హైవే బాగుంది. రామాయంపేట చేరకముందే టీ కోసం ఆగాం. నడుం పట్టేసిందని అమ్మ వెనక పడుకుంది. లారీల దుమ్ము పడుతోందని నాన్న తలుపు మూశాడు. మేం సగం టీ తాగామో లేదో, వ్యాన్ లోపల నుంచి దబదబా చప్పుడు.

టీ కొట్టాయన చెయ్యి ఆపేశాడు. "ఏందన్నా, నీ లోడ్ మొత్తుకుంటున్నది?"

పరుగెత్తాం. నాన్న గడియ లాగగానే అమ్మ చెమటతో దిగింది. "నన్ను సుత సబ్బుల లెక్కేసి బంద్ జేసినవా? సోమారం దాకా ఎందుకు, ఇయ్యాల్నే అమ్మెయ్!"

"తలుపు ముయ్యంగనే చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయింది లక్ష్మీ. నేను సూడనే లేదు."

అమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చుని అద్దం పైకెత్తేసింది. ప్రయాణం అక్కడితో అయిపోయిందనుకున్నాను. నాన్న సీటు కింద నుంచి స్క్రూడ్రైవర్ తీశాడు. తుప్పు పట్టిన స్క్రూలు ఊడడానికి అరగంట పట్టింది. ఆ గడియను లోపల పెట్టి చూస్తే, చాచా వేసిన నాలుగు రంధ్రాలకూ సరిగ్గా సరిపోయింది. నాన్న స్క్రూలు బిగిస్తూ, "ఈయన నన్ను సుత కొలిచిండు" అన్నాడు.

రామాయంపేటలో ఎడమకు తిరిగి, మెదక్ దాటి పదిన్నరకు పోచారం చెరువు చేరాం. అమ్మ వెనక ఎక్కి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది. గంటసేపు మేమిద్దరం గట్టు మీద కొంగల్ని చూస్తూ కూర్చున్నాం. పదహారేళ్లు ఆ తలుపును ఒక్క గుంజుతో తెరిచిన మనిషి, ఆ తర్వాత వెళ్లి వేలితో మెల్లగా తట్టాడు.

"ఎవరు?"

"నేనే."

"జెర ఆగు, చీర సదురుకుంటున్న." కాసేపటికి మళ్లీ లోపలి నుంచే, "సోమారం వచ్చేటాయనకు ఫోన్ జెయ్యి. ఇంట్ల మనుషులున్నరని చెప్పు" అంది.

నేను నెల రోజులు వీడియోలు చూసి మంచం, స్టవ్వు, నీళ్లు అన్నీ లెక్కవేశాను. లోపల ఉండే మనిషికి తలుపు మీద హక్కు ఉండాలన్న సంగతి చాచాకు తట్టింది, నాకు తట్టలేదు. నాన్న మారతాడని కూడా ఆయన ముందే నమ్మి, రంధ్రాలు సిద్ధం చేసిపెట్టాడు. ఇలాంటి వ్యాన్ చేయించుకునేవారికి నేను చెప్పగలిగేది ఒకటే. పని పూర్తయ్యాక మీ ఇంటి ముందే లోపల కూర్చుని, ఎవరితోనైనా తలుపు మూయించుకోండి. ఎవరినీ పిలవకుండా మీరే బయటికి రాగలిగితే, అప్పుడు బయలుదేరండి.