పురుగులు రాలిన పన్ను

ఆత్మకూరులో పళ్ల డాక్టరమ్మ మా మనవరాలి పుచ్చుపన్ను తొలుస్తుంటే ఎముక కాలిన వాసన వచ్చింది. దాంతోపాటే నా పాత కోపమూ లేచింది.

చిన్నప్పుడు, ఉదయగిరి దగ్గర మా ఊళ్లో, నాకు దవడపన్ను నొప్పి పుడితే మా అవ్వ పురుగులు తీసే ఆమెను పిలిపించింది. ఆమె నిప్పుల మీద వాకుడు అనే ముళ్లమొక్క గింజలు చల్లి, బొప్పాయి కాడతో ఆ పొగను నా నోట్లోకి ఊదింది. దగ్గుతూ నీళ్ల గిన్నెలో ఉమ్మితే తెల్లటి సన్న పురుగులు తేలాయి. వీధంతా వంగి చూసింది.

మరునాటికి దవడ వాచింది.

"అవ్వా, ఇంకా నొప్పిగా ఉండాది."

"పురుగులన్నీ రాలినాక ఇంకేం నొప్పే? అందరం చూసినాం గదా! గొర్రెల ఎనకాల పోవాల్సొస్తాదని దొంగేడుపు!"

"వదిలేయమ్మా, వేషాలేస్తాంది," అన్నాడు నాయన.

ఒక పురుగు లోపలే దాక్కుందనుకొని నాలుకతో వెతికేదాన్ని. చీముగడ్డ పగిలేదాకా ఇంట్లో నేను అబద్ధాలకోరునే.

మనవరాలి పంటికి సిమెంటు నింపాక డాక్టరమ్మను ఆ పురుగుల సంగతి అడిగాను.

"పంటిలో పురుగులుండవమ్మా. సరిగ్గా తోముకోకపోతే పుచ్చుతుంది. మీరు చూసినవి, వేడికి గింజలు పగిలి పొగతోపాటు నోట్లోకొచ్చిన మొలకలు," అంది.

అవ్వ కూడా మోసపోయింది, అందుకు ఆమెను ఏమీ అనను. కానీ గిన్నెలోకి అంతగా తొంగిచూసిన వాళ్లలో ఒక్కరైనా మరునాడు నా నోరు తెరిచి చూడలేదే!